మెట్లు లేని కాలనీ

ఎనిమిదికి ఇంకా ఏడు నిమిషాలుందనగా కాజాల అత్త రోడ్డు దాటడం మొదలుపెట్టింది. సగం దాటింది. మిగతా సగం దాటలేదు.

నేను చూశాను. రోజూ ఆ వేళకి మా రేకుల గదుల వరస రోడ్డును తాకేచోట నిలబడి ఉంటాను. నా మనవరాలు అవతలి గట్టెక్కి ఫ్యాక్టరీ గేటు లోపలికి పోయేదాకా అక్కణ్ణుంచి కదలను. "ఎందుకమ్మమ్మా అలా గుడ్లప్పగించి చూస్తావు? నువ్వు చూస్తే లారీలు ఆగుతాయా?" అని అది విసుక్కుంటుంది. ఆగవు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా వెళ్ళే మనిషి వీపు కనిపించినంతసేపూ చూడటం నాకు అలవాటైపోయింది. నా బతుకులో వెళ్ళొస్తానన్న వాళ్ళు చాలామంది వెనక్కి రాలేదు.

రోడ్డు ఆరు వరసలు. మధ్యలో నడుమెత్తు గోడ, గోడమీద ఇనుప కంచె. కాలనీ ఇటు, కుట్టు ఫ్యాక్టరీ అటు. కేకేస్తే వినపడేంత దూరం. కానీ రూలు ప్రకారం అవతలికి పోవాలంటే మూడు కిలోమీటర్లు పోయి, మలుపు తిరిగి, మళ్ళీ మూడు కిలోమీటర్లు రావాలి. ఎనిమిదింటికి గేటు వేసేస్తారు. ఎనిమిదీ ఒక నిమిషానికి వస్తే సగం రోజు పోయినట్టే. అందుకని మావాళ్ళు కంచెలో రెండు ఊచలు వంచి సందు చేసుకున్నారు. పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దూరాలి. ఐదొందలమంది ఆ సందులోంచే పోతారు, ఆ సందులోంచే వస్తారు.

కాజాల అత్త అంటే చొక్కాలకి కాజాలు కుట్టే ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా అదే పని. "నేను కుట్టిన కాజాలన్నీ పక్కపక్కన పేరిస్తే ఈ రోడ్డంత పొడుగుంటాయే!" అని నవ్వేది. ఆ రోజు సందు దూరి అవతల కాలు పెట్టగానే ట్యాంకరు వచ్చింది. వాడు ఆగలేదు. హారన్ మాత్రం కొట్టాడు. ఆవిడ పడిపోయాక కొట్టాడు.

అప్పటికే అవతలికి చేరిన నలుగురు ఆడవాళ్ళు వెనక్కి పరిగెత్తుకొచ్చారు. అందులో నా మనవరాలు ఒకతె. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యెత్తి అరుస్తున్నాడు, "ఎనిమిదవుతోంది! గేటు వేస్తున్నా! నన్నేం అనొద్దు!"

సామాను మోసే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆవిడ భర్త కరెంటు పని చేస్తాడు, కాలనీ అంతా అతన్ని కరెంటు మామ అంటుంది. పనిలోంచి అలాగే వచ్చాడు, జేబులో టెస్టరుతో సహా. క్యాజువాలిటీలో డాక్టరు తలెత్తకుండా అడిగాడు.

"ఏమైంది?"

కరెంటు మామ నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను.

"మెట్ల మీంచి జారిపడింది సార్" అన్నాడు.

డాక్టరు రాసుకున్నాడు. కాజాల అత్త ఒంటిమీది బట్టలకి టైరు అచ్చు ఉంది, ముద్ర వేసినట్టు. అది డాక్టరూ చూశాడు. పదకొండింటికి ఆవిడ పోయింది. రెండింటికల్లా ఇంటికి తెచ్చేసుకున్నాం.

ఇది మా కాలనీ పద్ధతి. ఆ పద్ధతి నేర్పింది నేను.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఆసుపత్రిలో ఆయాగా పనిచేశాను. కాలనీలో అందరికీ ఆయమ్మని. రోడ్డు వెడల్పు చేసిన మొదటి ఏడు ఒక తాపీ మేస్త్రిని వ్యాను గుద్దింది. మోసుకొచ్చినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. రోడ్డు అనగానే డాక్టరు పెన్ను కింద పెట్టాడు. పోలీసు కేసు, కానిస్టేబులు వచ్చేదాకా ముట్టుకోనన్నాడు. కానిస్టేబులు మధ్యాహ్నం వచ్చాడు. మేస్త్రి పదింటికే పోయాడు. మూడోరోజు శవాన్ని కోసి, కుట్టి ఇచ్చారు. మోసుకొచ్చిన ఇద్దరు కూలీలను సాక్షులన్నారు, ఏడాదిన్నర స్టేషను చుట్టూ తిప్పారు. గుద్దిన వ్యాను మాత్రం దొరకలేదు.

ఆ తరవాత ఒకణ్ణి తెచ్చినప్పుడు అతని తల్లి చెవిలో నేనే చెప్పాను. "రోడ్డనకు తల్లీ. మెట్ల మీంచి పడ్డాడని చెప్పు. వెంటనే సూది వేస్తారు." వెంటనే వేశారు. వాడు బతికాడు. ఒక్క మాటతో ప్రాణం నిలబెట్టానని ఆ రోజు ఎంత పొంగిపోయానో! ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. తరవాత నేను చెప్పనక్కర్లేకపోయింది. డాక్టర్లకి పని తగ్గింది. పోలీసులకి పని తగ్గింది. డ్యూటీకి వస్తూ చచ్చారన్న మాట ఫ్యాక్టరీకి తప్పింది. ఒక అబద్ధం ఇంతమంది పెద్దవాళ్ళకి పనికొస్తుంటే దాన్నెవరు ఆపుతారు?

కాజాల అత్త పోయిన నాలుగో రోజు రోడ్డు కాంట్రాక్టరు మనుషులు జీపులో వచ్చారు. మా సందు దగ్గర ఊచలు నిటారుగా చేసి వెల్డింగ్ పెట్టారు. తరవాత కాలనీ మొదట్లో గుంట తవ్వి ఒక బోర్డు పాతారు. పచ్చరంగు మీద తెల్లక్షరాలు: "అత్యంత సురక్షిత రహదారి. వరసగా మూడో ఏడాది పురస్కారం."

"ఏంటన్నా ఇది?" అని కరెంటు మామ వెల్డింగ్ చేసేవాణ్ణి అడిగాడు.

"నాకేం తెలుసు బాబాయ్! పాతమన్నారు, పాతాం" అన్నాడు వాడు, నల్లద్దాలు తీయకుండానే.

మనవరాలు ఆ బోర్డు ముందు నిలబడి పెద్దగా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పోయినప్పుడు వాళ్ళమ్మ వయసు ముప్పై మూడు. దీనికిప్పుడు ఇరవై. నవ్వితే అచ్చు ఆమే. "రేపు మళ్ళీ దాటాలి కదే అమ్మడూ" అన్నాను. "దాటాలి. పక్కన ఇంకో సందు చేస్తారులే. మన చావుకి మనమే దారి చేసుకోవాలి" అంది.

ఫ్యాక్టరీకి వారపు సెలవు రోజున పదిమందిమి రోడ్ల ఆఫీసుకి వెళ్ళాం, కాలివంతెన కావాలని అర్జీ పట్టుకుని. అర్జీ రాసింది ఫ్యాక్టరీ స్టోరు గుమస్తా. భయస్తుడు, కాలనీలో అందరికంటే అక్షరాలు గుండ్రంగా రాస్తాడు. "నా సంతకం మాత్రం చివర్లో పెడతాను" అన్నాడు.

ఇంజినీరు మంచివాడే. కుర్చీలు వేయించాడు. గోడమీద పెద్ద పటం, దానిమీద ఒక ఎర్రగీత, ఎడమ పక్క పైన మొదలై కుడిపక్కకి దిగుతూ ఉంది.

"చూడండమ్మా, మిమ్మల్ని ఉత్త చేతుల్తో పంపాలని నాకేం లేదు" అన్నాడు. "ఒకచోట పదిమంది చనిపోతే దాన్ని ప్రమాద స్థలం అంటాం. అప్పుడు వంతెన వస్తుంది. మీ దగ్గర పదేళ్ళలో ముగ్గురు. అదీ మొదటి రెండేళ్ళలోనే. తరవాత ఒక్కరూ లేరు. ఈ గీత చూడండి, ఎంత చక్కగా దిగుతోందో."

"ముగ్గురేంటి సార్?" కరెంటు మామ లేచి నిలబడ్డాడు. "పోయిన గురువారం నా భార్య పోయింది."

ఇంజినీరు కంప్యూటర్లోకి చూశాడు. మళ్ళీ చూశాడు. "పోలీసుల జాబితాలో గురువారం ఈ రోడ్డు మీద ఎవరూ లేరండీ."

కరెంటు మామ కూర్చున్నాడు. ఎందుకు లేదో అతనికి తెలుసు. మా పదిమందికీ తెలుసు.

మనవరాలు ఆగలేకపోయింది. "మెట్ల మీంచి పడిందని రాశారు సార్. మా కాలనీలో మెట్లే లేవు. అన్నీ రేకుల గదులు. గడప దాటడానికి కాలెత్తితే అదే పెద్ద ఎత్తు మాకు."

"మరి మెట్లని ఎవరు చెప్పారు?"

పైన ఫ్యాను తిరుగుతోంది.

"నా చేతిలో ఏముందో చెప్పండి" అన్నాడు ఇంజినీరు. "మీ దగ్గర వంతెన రోడ్డు అసలు ప్లానులోనే ఉంది, రెండో విడతలో కట్టాలని. రెండో విడత వచ్చేసరికి కాంట్రాక్టరు అవసరం లేదని రాసిచ్చాడు. ఎవరూ చావడం లేదు కదా అన్నాడు. ఈ గీతే చూపించాడు. పేపరు మీద లేని చావుని నేనెక్కణ్ణుంచి తేను?"

నాకు చదువు రిటైరయ్యాక వచ్చింది. మనవరాలి పాత వాచకాలు, పొట్లాల కాగితాలు, మందుల చీటీలు, ఏది దొరికితే అది ముందేసుకుని కూడబలుక్కున్నాను. ఇప్పుడూ వేలు పెట్టే చదువుతాను. గోడమీద ఆ పటం పక్కన ఇంకొకటి ఉంటే, దాని కింద ఏం రాసుందో అలాగే చదివాను. దేశం మొత్తం మీద రోడ్డు చావులు ఏటేటా తగ్గుతున్నాయట.

"దేశమంతానా బాబూ?" అని అడిగాను.

"దేశమంతా. మంచి విషయమే కదండీ."

నేనొకదాన్ని ఒక్క ఆసుపత్రిలో చెప్పాను. ఇంకెన్ని ఆసుపత్రుల్లో ఇంకెంతమంది ఆయాలు ఏ తల్లి చెవిలో ఏం చెప్పారో!

మర్నాడు సాయంత్రం షిఫ్టు వదిలాక కుళాయి దగ్గర అందరం చేరాం. బిందెలు వరసలోనే ఉన్నాయి, నీళ్ళు పట్టే ధ్యాస ఎవరికీ లేదు. ఎవరెవరు పోయారో చెప్పుకుంటూ వచ్చాం. ఒక్కొక్క గదివాళ్ళు ఒక్కొక్క మనిషిని చెప్పారు. రెండు గదులవాళ్ళు ఇద్దరేసిని చెప్పారు. మెట్ల మీంచి పడ్డవాళ్ళు పదిహేడుమంది తేలారు.

"ఈ పదిహేడుమందినీ మళ్ళీ రాయించాలి" అంది మనవరాలు. "రోడ్డు మీద పోయారని రాయించాలి."

"ఎలా రాయిస్తావమ్మా?" స్టోరు గుమస్తా లేచాడు. "అప్పుడు చెప్పింది మనమేగా? తప్పుడు వాంగ్మూలం అంటారు. జైల్లో వేస్తారు. నాకు ఇద్దరు చెల్లెళ్ళున్నారు."

"జైల్లో మెట్లుంటాయేమో చూసొద్దువుగాని పద!" అని ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. నవ్వు నిలవలేదు.

"మన నోటితో మనమే చెప్పుకున్నాం" అన్నాడు కరెంటు మామ. "ఇప్పుడెళ్ళి కాదంటే నా భార్యని నేను రెండోసారి ఈడ్చినట్టు కాదూ?"

"అసలు చెప్పమంది ఎవరు?" కాలర్లు కుట్టే ఒకావిడ గొంతు పెంచింది. "ఆయమ్మే! ఆయమ్మ చెప్పింది కదాని మా ఆయన్ని మెట్ల పాలు చేశాం. ఆవిడకేం, ఫించను తీసుకుని ఇంట్లో కూర్చుంది!"

అందరూ నా వైపు తిరిగారు. ఆ మాట తప్పు కాదు. లేచి నిలబడ్డాను.

"నా కూతురి విషయంలో కూడా ఆ మాట నేనే చెప్పాను" అన్నాను.

కాలర్లు కుట్టే ఆవిడ బిందె పక్కన కూర్చుండిపోయింది.

"ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. స్ట్రెచర్ తోసుకురమ్మంటే వెళ్ళాను. చూస్తే నా పిల్ల. డాక్టరు ఏమైందన్నాడు. మెట్లు అన్నాను. వెంటనే చూస్తారని అన్నాను. స్ట్రెచర్ తోసుకుంటూ పోతుంటే నా చెయ్యి పట్టుకుంది. 'మెట్లేంటమ్మా?' అంది. అంతే. ఇంకేం అనలేదు. తొమ్మిదేళ్ళయింది. నేనింకా దానికి జవాబు చెప్పలేదు."

మనవరాలు నన్ను చూసింది. తల్లి రోడ్డు మీద పోయిందని దానికి తెలుసు. ఆ మాట నా నోట వచ్చిందని తెలియదు. బిందె కూడా తీసుకోకుండా లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు మీటింగు ఏమీ తేలకుండానే ముగిసింది.

రెండురోజులు అది నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నది. కంచం కడిగి బోర్లించింది. మూడోరోజు పొద్దున జుట్టు ముడేసుకుంటూ, గోడవైపు తిరిగే అడిగింది.

"అమ్మ ఇంకేం అనలేదా?"

"లేదే తల్లీ."

"నా పేరు ఎత్తలేదా?"

నేను అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. "లేదు" అన్నాను.

అది జుట్టు ముడి బిగించింది. "సరే. నిన్ను ఎవరడిగినా ఇలాగే చెప్పు. ఒక్క ముక్క కూడా దాచొద్దు" అని డబ్బా తీసుకుని వెళ్ళింది.

ఆ సోమవారం సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, కటింగ్ మాస్టర్ని రోడ్డు కాంట్రాక్టరు కంకర లారీయే గుద్దింది. కొత్త సందులో సగం దూరిన మనిషి కాలుమీంచి వెళ్ళిపోయింది. ప్రాణం ఉంది. ఆటో వెనక నలభైమంది పరిగెత్తారు. ఆసుపత్రి వరండా నిండిపోయింది.

అదే డాక్టరు. రిజిస్టరు మీంచి తల ఎత్తలేదు. "మెట్లా?" అన్నాడు.

మాస్టర్ భార్య బల్ల అంచు పట్టుకుని నిలబడింది. చిన్న మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. తల తిప్పి మమ్మల్నందర్నీ చూసింది. ఆమెకి నిజం చెప్పమని చెప్పే హక్కు మాలో ఎవరికుంది? అటుపక్క మొగుడు నెత్తురు కారుతూ ఉన్నాడు. ఈ మాటకి అతని ప్రాణం పోతే ఆ పాపం ఎవరిది? నేను నోరు తెరవబోయాను. మెట్లని చెప్పమందామనే తెరిచాను. ఇన్నేళ్ళ అలవాటు అంత గట్టిది.

నాకంటే ముందు ఆమె మాట్లాడింది. "కాదు బాబూ. రోడ్డు. కంకర లారీ."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "అయితే పోలీసులు రావాలి."

"వచ్చేలోగా మనిషి పోతాడు సార్!"

"నేనేం చెయ్యను? రూలు."

మూలన నిలబడ్డ నర్సింగ్ విద్యార్థిని, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, చేతిలో ట్రే కింద పెట్టింది. "ముందు వైద్యం చెయ్యాలనే రూలు సార్" అంది. "మాకు పాఠంలో ఉంది. ఆ బీరువా వెనక బోర్డు కూడా ఉంది."

"నువ్వు నీ పని చూసుకో."

కరెంటు మామ, ఇంకో ముగ్గురూ బీరువాకి భుజాలు ఆనించారు. కిర్రుమంటూ జరిగింది. వెనక గోడకి బోర్డు, సాలెగూళ్ళతో. నేను కొంగుతో తుడిచి, వేలు పెట్టి, అందరికీ వినపడేలా చదివాను. "ప్రమాదంలో గాయపడిన వారికి ముందు చికిత్స చేయవలెను. పోలీసుల రాక కోసం ఆపరాదు."

ఆ బోర్డు నాకు కొత్త కాదు. బీరువా అడ్డం రాకముందు దాన్ని రోజూ నేనే తడిగుడ్డతో తుడిచాను. అప్పట్లో అక్షరాలు నాకు మరకల్లా కనిపించేవి. పోని మరకలు కదాని ఇంకా గట్టిగా రుద్దేదాన్ని. మేస్త్రి చచ్చిన రోజూ రుద్దాను. నా కూతురు చచ్చిన రోజూ పొద్దున్నే రుద్దాను. చదువుకుంటున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే చెబుతున్నాను: మాకు చదువు లేకుండా చేసినవాళ్ళు మా చేతే మా హక్కుల మీద దుమ్ము తుడిపించారు.

నలభైమంది బల్ల చుట్టూ చేరారు. ఎవరూ అరవలేదు. డాక్టరు మా మొహాలు చూశాడు, బోర్డు చూశాడు, గ్లవ్స్ తొడుక్కున్నాడు. మోకాలి కింద కాలు తీసేశారు. మాస్టరు బతికాడు. రిజిస్టర్లో మా కాలనీ తరఫున ఎనిమిదేళ్ళ తరవాత మొదటిసారి "రోడ్డు" అని పడింది.

ఆ మాట పట్టుకుని మళ్ళీ ఇంజినీరు దగ్గరికి వెళ్ళాం. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆయన బతికారు కదమ్మా. చనిపోయినవాళ్ళే లెక్క. ముగ్గురు ముగ్గురే."

"అంటే ఇంకా ఏడుగురు చావాలి" అంది మనవరాలు. "వరసలో ఎవరెవరు నిలబడాలో మీరే చెప్పండి సార్. నేను రోజూ దాటేదాన్నే. నా పేరు ముందు రాసుకోండి."

ఇంజినీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆఫీసు మెట్లు దిగుతూ మనవరాలి మాటే తలుచుకున్నాను. అది ఊరికే అన్న మాట కాదు. రోజూ పొద్దున ఎనిమిదికి ముందు అది ఆ వరసలోనే నిలబడుతోంది.

"స్టేషనుకి పోదాం" అన్నాను. నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. "జైలైతే జైలు. మొదట చెప్పింది నేను, మొదట నేనే ఒప్పుకుంటాను."

మర్నాడు పొద్దున ఎనిమిదికి గేటు దగ్గర సైరన్ మోగింది. లోపలికి ఎవరూ పోలేదు. కాలనీ మొత్తం రోడ్డు పక్కనే నడుచుకుంటూ స్టేషనుకి బయల్దేరింది. స్టేషను కూడా ఆ రోడ్డు మీదే, రెండు కిలోమీటర్లు. పదిహేడు ఇళ్ళవాళ్ళు ముందు. మాస్టర్ భార్య ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి కలిసింది. స్టోరు గుమస్తా అందరికంటే వెనక నడిచాడు, కానీ నడిచాడు.

స్టేషను ఆఫీసరు టీ గ్లాసుతో బయటికి వచ్చాడు. "ఏంటీ గోల?"

"అబద్ధం చెప్పామయ్యా. ఒప్పుకోడానికి వచ్చాం" అన్నాను. "తొమ్మిదేళ్ళ కింద నా కూతురు మెట్ల మీంచి పడి చచ్చిందని ఆసుపత్రిలో చెప్పాను. పడలేదు. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది."

"నా భార్య కూడా" అన్నాడు కరెంటు మామ.

"మా ఆయన."

"మా అన్నయ్య. మా వదిన."

ఒకరి తరవాత ఒకరు. ఆఫీసరు గ్లాసు కిటికీలో పెట్టాడు. "ఓహో! అంతా కూడబలుక్కుని వచ్చారా? తప్పుడు వాంగ్మూలం ఇస్తే ఏమవుతుందో తెలుసా? పదిహేడు కేసులు పెడతా. ఒక్కొక్కణ్ణీ లోపలేస్తా. ముసలిదానివని కూడా చూడను."

జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. అందరికీ భయమే. నాకూ భయమే. ఆ వెనక్కి వేసిన అడుగులో స్టోరు గుమస్తా ముందుకొచ్చి పడ్డాడు, ఎవరో తోసినట్టు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక్క అనుమానం. మా స్టోర్లో తప్పు సరుకు వచ్చిందని రాయాలంటే పక్కనే సరైన సరుకేదో కూడా రాయాలి. లేకపోతే ఆ కాగితం చెల్లదు. మెట్లనడం అబద్ధమని కేసు రాస్తే... మరి నిజమేంటో పక్కన మీరు రాయాలి కదా సార్?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత మనవరాలు చప్పట్లు కొట్టింది. "రాయండి సార్! పదిహేడు కేసులూ పెట్టండి! మా మీద కేసు పెడితే మావాళ్ళ చావు మీ చేత్తోనే కాగితం మీదకొస్తుంది!"

ఆఫీసరు మొహం మారింది. అతనికీ అర్థమైంది. గొంతు మెత్తబడింది. "సరే సరే. ఏదో తెలియక చెప్పారు. కష్టాల్లో ఉన్నవాళ్ళు. నేను క్షమించేశాను. ఏ కేసూ లేదు. ఇళ్ళకి పోండి."

"క్షమించొద్దు!" అని మాస్టర్ భార్య అరిచింది. అంత గొంతు ఆమెకి ఉందని మాకెవరికీ తెలియదు.

"క్షమించొద్దు! కేసు పెట్టు!" అని వెనకనుంచి వందల గొంతులు. క్షమించవద్దని పోలీసుని బతిమాలుకున్న జనాన్ని నేనెక్కడా చూడలేదు, వినలేదు.

నేను లోపలికి వెళ్ళి రైటరు బల్ల ముందు బెంచీ మీద కూర్చున్నాను. స్టేషనులో కాగితాలన్నీ రాసేది అతనే. అతను పెన్ను జేబులోనే ఉంచుకున్నాడు. గంట గడిచింది. రెండు గడిచాయి. స్టేషను ఆవరణ చాలక జనం రోడ్డు మీద కూర్చున్నారు. ఆరు వరసలూ ఆగిపోయాయి. ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేశాడు. కాంట్రాక్టరు తరఫున మేనేజరు జీపులో వచ్చి, "రోడ్డు మీద తెల్లగీతలు గీయిస్తాం, గీతల మీంచి దాటండి" అన్నాడు. "గీతలు చాలా చూశాం బాబూ. ఒకటి రోడ్ల ఆఫీసు గోడమీద కూడా ఉంది" అన్నాడు కరెంటు మామ.

ఆ తరవాత లాఠీలు వచ్చాయి. రోడ్డు మీద ముందు వరసలో ఉన్న ఏడుగురిని వ్యానెక్కించారు. కిటికీలోంచి చూశాను. నా మనవరాలు నాలుగోది. మోచెయ్యి చీరుకుపోయింది. నేను లేవబోయాను.

"అమ్మమ్మా, లేవకు!" అని అక్కణ్ణుంచే కేకేసింది. "బెంచీ వదిలావంటే ఊరుకోను!"

వ్యాను తలుపు వేశారు. నా ఒళ్ళంతా ఆ వ్యాను వెనకాల పరిగెత్తమంటోంది. బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. వ్యాను శబ్దం దూరమైపోయింది.

అప్పుడు బయట పెద్ద గలాటా. ఆగిపోయిన లారీల డ్రైవర్లు దిగి వచ్చారు. "మా ట్రిప్పు టైము పోతోంది, లేవండెహె!" అని ఒకతను తిట్టుకుంటూ జనంలోకి దూరాడు. కాలర్లు కుట్టే ఆవిడ అతని చొక్కా పట్టుకుంది. "చంపేది మీరేగా! మీరేగా మమ్మల్ని తొక్కేది!" నలుగురు కలబడ్డారు. దెబ్బలు పడేలా ఉంది.

"నన్ను కొడితే ఏమొస్తుందమ్మా?" అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి, కళ్ళు ఎర్రగా, నిద్రలేక. "ఐదొందల కిలోమీటర్లకి కంపెనీవాళ్ళు ఎనిమిది గంటలిస్తారు. తిండీ నిద్రా దాన్లోనే. ఆలస్యమైతే బండి లాక్కుంటారు. తొక్కినవాడు ఆగితే బతుకు పోతుంది, ఆగకపోతే నిద్ర పోతుంది. అసలు దేనికి కూర్చున్నారు మీరిక్కడ?"

చెప్పారు. పదిహేడుమంది సంగతీ, మెట్ల సంగతీ, కేసు పెట్టించుకోడానికి వచ్చిన సంగతీ చెప్పారు. అతను విన్నాడు. తరవాత జనాన్ని తప్పించుకుంటూ లోపలికి వచ్చి నా బెంచీ పక్కన నిలబడ్డాడు.

"ఇక్కడేనా రాసేది?" అని నన్ను అడిగాడు.

"ఏం రాయించాలి బాబూ?"

"నా రెండో డ్రైవరు. పోయినేడు స్టీరింగు మీదే కునికి చెట్టుకి గుద్దాడు. నేను వెనక పడుకుని ఉన్నాను. గుండెపోటని చెప్పమన్నారు కంపెనీవాళ్ళు. చెప్పాను." అతను రైటరు వైపు తిరిగాడు. "నేనే చెప్పాను."

నేను జరిగి చోటిచ్చాను. కూర్చోలేదు. నా వెనకాల నిలబడ్డాడు. అతని వెనకాల ఇంకో డ్రైవరు వచ్చి నిలబడ్డాడు.

రైటరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఆఫీసరు గదివైపు చూశాడు. లోపల ఫోను మోగుతూనే ఉంది. అతను జేబులోంచి పెన్ను తీశాడు. ఎందుకు తీశాడో నేను అడగలేదు. అతనికీ ఇంట్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు, రోడ్డు దాటేవాళ్ళు.

"నేరం ఏంటి?" అన్నాడు.

"అబద్ధం చెప్పాను."

"ఏమని?"

"మెట్ల మీంచి పడిందని."

"నిజం?"

చెప్పడం మొదలుపెట్టాను. తారీఖు చెప్పాను, వేళ చెప్పాను, లారీ ఏ వైపునుంచి వచ్చిందో చెప్పాను, నా పిల్ల నన్నడిగిన ఆఖరి మాట చెప్పాను. పెన్ను గరగర కదులుతోంది. వెనకనుంచి ఎవరో "జరగండి, జరగండి, మమ్మల్ని కూడా రానివ్వండి" అంటున్నారు. ఆ గొంతు మా కాలనీది కాదు. తలతిప్పి చూశాను. వరస గుమ్మం దాటి, ఆవరణ దాటి రోడ్డు మీదకి వెళ్ళిపోయింది. దాని చివర ఎక్కడుందో నాకు కనబడలేదు.